వినబడటానికీ వినడానికీ తేడా: దగ్గరి అర్థాలున్న ఇంగ్లీషు క్రియలను ఎలా ఎంచుకోవాలి?

సిరిమల్లె (సోమవారం, రాత్రి 10.15)

అందరికీ నమస్కారం. నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పని చేస్తున్నాను. పదో తరగతి దాకా మా ఊరి బడిలో తెలుగు మాధ్యమంలోనే చదివాను. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది. ఒకటికి రెండుసార్లు చూసుకుని రాయగలను కూడా. మాట్లాడేటప్పుడే చిక్కు వస్తోంది.

ఈ రోజు మధ్యాహ్నం విదేశాల్లో ఉన్న క్లయింటుతో ఫోనులో సమావేశం జరిగింది. మధ్యలో లైను గరగరలాడింది. నా మాట ఆవిడకు వినబడుతోందో లేదో తెలుసుకుందామని ‘ఆర్ యు లిజనింగ్ టు మీ?’ అని అడిగాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆవిడ ‘అవును, వింటూనే ఉన్నాను’ అన్నారు కానీ గొంతు మారిపోయింది. సమావేశం ముగిశాక మా టీమ్ లీడర్ పిలిచి, ‘శ్రద్ధగా వినడం లేదని ఆవిడను నువ్వు మందలించినట్టుంది’ అన్నారు. నాకు నోట మాట రాలేదు. నేను అడిగింది లైను గురించి!

ఇంటికి రాగానే నిఘంటువు తీశాను. ‘హియర్’ అంటే విను. ‘లిజన్’ అన్నా విను. ‘సీ’, ‘లుక్’, ‘వాచ్’ మూడింటికీ చూడు. ‘సే’కూ ‘టెల్’కూ చెప్పు. అన్నిటికీ ఒకే అర్థం రాసి ఉంటే, ఏ చోట ఏది వాడాలో ఎలా తెలుస్తుంది? మీరందరూ ఎలా నేర్చుకున్నారో దయచేసి చెప్పండి. గురువారం మళ్లీ అదే క్లయింటుతో మాట్లాడాలి.

చిక్కడపల్లి చదువరి (సోమవారం, రాత్రి 10.52)

అక్కా, నాదీ ఇదే బాధ. గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాను. పొద్దున్నే కేంద్ర గ్రంథాలయంలో చోటు దొరికించుకుని కూర్చుంటాను. ఇలాంటి జంట క్రియల కోసం ఒక నోటుపుస్తకమే పెట్టుకున్నాను. ఎడమ వైపు ఇంగ్లీషు మాట, కుడి వైపు తెలుగు అర్థం. మూడుసార్లు బట్టీ పట్టాను. ప్రశ్నపత్రం ముందుకు రాగానే కుడి వైపు మాటలన్నీ ఒకేలా కనిపిస్తాయి.

తెల్లకాగితం (సోమవారం, రాత్రి 11.20)

తెలుగు అర్థాలు వెతకడం దగ్గరే మీ ఇద్దరి పొరపాటు మొదలైంది. ముందు తెలుగులో ఆలోచించడం మానేయండి. నేను ఆ నోటుపుస్తకాలన్నీ పక్కన పడేసి రోజూ గంటసేపు ఇంగ్లీషు వార్తలు విన్నాను. ఏడాదిలో మాట దానంతట అదే రావడం మొదలైంది. అంతకన్నా దగ్గరి దారి లేదు.

అక్షరాల తోట (మంగళవారం, ఉదయం 6.30)

నేను నగరంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. తెల్లకాగితం గారి మాటలో నిజం ఉంది, ఎక్కువగా వినాలి. కానీ తెలుగును పక్కన పెట్టమంటే మాత్రం ఒప్పుకోను. ఎందుకో సిరిమల్లె గారి టపాతోనే చూపిస్తాను.

సిరిమల్లె గారూ, మీరు రాసిన వాక్యం మళ్లీ చదవండి. ‘నా మాట ఆవిడకు వినబడుతోందో లేదో’ అని రాశారు. ‘ఆవిడ వింటోందో లేదో’ అని రాయలేదు. అంటే తెలుగులో మీరు సరైన క్రియనే ఎంచుకున్నారు. వినబడటం ‘హియర్’. వినడం ‘లిజన్’. మనసులో వినబడు అనుకుని, నోటితో విను అన్నారు. నిఘంటువు ‘హియర్’ పక్కన ‘విను’ అని మాత్రమే వేసి మిమ్మల్ని దారి తప్పించింది.

వినబడటం మన ప్రయత్నం లేకుండా జరుగుతుంది. రాత్రి పడుకుంటే కాచిగూడ వైపు రైలు కూత నాకు వినబడుతుంది. నేను దాని కోసం చెవి పెట్టలేదు. అదే రేడియో పెట్టుకుని పాట వింటాను, ఆ వినడంలో నా ఇష్టం ఉంది. అందుకే తెలుగులో ఒకటి ‘నాకు వినబడింది’, రెండోది ‘నేను విన్నాను’. మొదటి వాక్యంలో ఆ ‘నాకు’ను గమనించండి. పని నా దగ్గరకు వచ్చింది, నేను చేయలేదు.

‘సీ’, ‘లుక్’ కూడా అంతే. కనబడటం ‘సీ’. చూపు తిప్పి చూడటం ‘లుక్’, దాని వెనక ‘యట్’ వస్తుంది. కదులుతున్న దాన్నో మారుతున్న దాన్నో కాసేపు కనిపెట్టి చూస్తే ‘వాచ్’. పొయ్యి మీద పాలు పొంగకుండా చూడమంటాం కదా, అది ‘వాచ్’. చార్మినార్ దూరం నుంచే కనబడింది, అది ‘సీ’. దాని గడియారం వైపు చూశాను, అది ‘లుక్’.

ఇక్కడ ఒక హెచ్చరిక. తెలుగులో ‘వినబడుతోంది’, ‘కనబడుతోంది’ అని జరుగుతున్న కాలంలో చెబుతాం. అదే అచ్చులో పోసి ‘ఐ యామ్ హియరింగ్’ అనడం మన వాళ్లకు అలవాటు. ఇంగ్లీషులో అక్కడ ‘కెన్’ వాడతారు. గురువారం మీరు అడగవలసింది ‘కెన్ యు హియర్ మీ?’ అంతే.

తార్నాకలో ఇప్పుడు ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉన్న చోట, అది సీఫెల్ అనే పాత పేరుతో ఉన్న రోజుల్లో నేను ఉపాధ్యాయుల శిక్షణకు వెళ్లాను. 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా మొదలైంది అదే. అక్కడినుంచి తిరిగి వచ్చాక నా తరగతిలో మొదట మార్చుకున్నది ఇదే. పిల్లవాడు తప్పు చేస్తే, ‘ఇంగ్లీషులో ఏమంటారు?’ అని అడగడం మాని, ‘తెలుగులో సరిగ్గా ఏమందామనుకున్నావు?’ అని అడిగేదాన్ని. సగం తప్పులు అక్కడే విడిపోయేవి.

పాతనగరం (మంగళవారం, ఉదయం 9.05)

మేడం, మీ టపా చదువుతుంటే మా ఇంట్లో మాట్లాడే ఉర్దూ గుర్తొచ్చింది. వినడానికి ‘సున్‌నా’, వినబడటానికి సునాయీ దేనా. చూడటానికి దేఖ్నా, కనబడటానికి దిఖాయీ దేనా. అదే విభజన.

‘సే’, ‘టెల్’, ‘స్పీక్’లకు కూడా పుస్తకాల ఉర్దూలో మూడు వేర్వేరు మాటలున్నాయి. కహ్నా, బతానా, బోల్నా. కానీ మన హైదరాబాదు దక్కనీలో అన్ని పనులూ బోల్నాతోనే నడిచిపోతాయి. తెలుగులో మనం ‘అని’ చేర్చే చోట వాళ్లు ‘బోల్కే’ చేరుస్తారు. వస్తానని చెప్పాడు అనాలంటే ‘ఆతూఁ బోల్కే బోలా’. దక్కన్‌లో ఇన్ని వందల ఏళ్లు పక్కపక్కనే బతికిన భాషలు ఒకదానికొకటి ఇచ్చుకున్నవి ఇలా ఉంటాయి. ఈ అలవాటుతోనే నేనూ చాలాకాలం అన్నిచోట్లా ‘టెల్’ వాడేశాను. తెలుగులో దీనికి ఏదైనా ఆధారం ఉందా?

అక్షరాల తోట (మంగళవారం, ఉదయం 11.40)

ఉంది. అందరూ ‘చెప్పు’ దగ్గర ఆగిపోతారు, దాని పక్కనే ఉన్న ‘అను’ను మరిచిపోతారు.

‘రేపు వస్తానని నాతో అన్నాడు.’ ‘రేపు వస్తానని నాకు చెప్పాడు.’ మొదటిది ‘సే’కు దగ్గర, రెండోది ‘టెల్’కు దగ్గర. ‘అను’ పలికిన మాటలను పట్టుకుంటుంది. ‘చెప్పు’ విన్న మనిషిని పట్టుకుంటుంది. ‘టెల్’ తర్వాత వెంటనే మనిషి రావాలి, మధ్యలో ‘టు’ అక్కరలేదు: ‘టోల్డ్ మీ’. ‘సే’ తర్వాత మనిషిని తేవాలంటే ‘టు’ కావాలి: ‘సెడ్ టు మీ’. మన ‘నాకు’, ‘నాతో’ లాగే. ‘సెడ్ మీ’ అన్న తప్పు నేను దిద్దినన్నిసార్లు ఇంకేదీ దిద్ది ఉండను.

కథ, అబద్ధం, నిజం, టైము, వీటికి వినేవాళ్లు లేకపోయినా ‘టెల్’ వస్తుంది. ఇవి విడిగా గుర్తుపెట్టుకోవలసినవే. ‘స్పీక్’ భాషలకు, సభల్లో మాట్లాడటానికి. ‘టాక్’ ఇద్దరు కూర్చుని చెప్పుకునే కబుర్లకు.

చిక్కడపల్లి చదువరి (మంగళవారం, మధ్యాహ్నం 12.10)

మేడం, ‘నాతో చెప్పాడు’ అని కూడా అంటాం కదా?

అక్షరాల తోట (మంగళవారం, మధ్యాహ్నం 12.25)

అంటాం బాబూ, మంచి పట్టు పట్టావు. అందుకే ‘దగ్గర’ అన్నాను, ‘సమానం’ అనలేదు. రెండు భాషల గీతలు పూర్తిగా ఒకదాని మీద ఒకటి పడవు. దారి చూపడానికి ఇది చాలు.

కూకట్‌పల్లి నాన్న (మంగళవారం, రాత్రి 8.45)

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. ‘బారో’, ‘లెండ్’ దగ్గర రోజూ గొడవే. ‘కెన్ యు బారో మీ యువర్ పెన్’ అని రాస్తుంది. నేను దిద్దుతాను, మళ్లీ అదే రాస్తుంది. తెలుగులో ‘అప్పు’ అనే ఒక్క మాటే ఉండటం వల్ల ఇలా జరుగుతోందా?

పాతనగరం (మంగళవారం, రాత్రి 9.30)

ఒక్క మాట ఎక్కడుంది సార్! అప్పు తీసుకోవడం, అప్పు ఇవ్వడం. చేబదులు తీసుకోవడం, చేబదులు ఇవ్వడం. డబ్బు ఎటు వెళుతోందో తెలుగులో మనం ఎప్పుడూ పొరబడం. అమ్మాయికి ‘తీసుకో’, ‘ఇవ్వు’ రెండు చీటీలు రాసి ఇవ్వండి. తీసుకునేవాడు ‘బారో’ చేస్తాడు, ‘ఫ్రమ్’ వస్తుంది, తెలుగులో ‘దగ్గర’ వచ్చినట్టు. ఇచ్చేవాడు ‘లెండ్’ చేస్తాడు, ‘టు’ వస్తుంది, తెలుగులో ‘కు’ వచ్చినట్టు. ‘లోన్’ అన్న మాట ఆమెకు తెలిసే ఉంటుంది. ‘లెండ్’ దాని చుట్టమే. బ్యాంకు లోన్ ఇస్తుంది, బ్యాంకు లెండ్ చేస్తుంది.

ఇంకొకటి, రేపు ఆమెను బయటకు తీసుకెళ్లినప్పుడు గేట్లకు వేలాడే ‘టులెట్’ బోర్డులు చూపించండి. మన నగరంలో ఆ బోర్డు లేని వీధి లేదు. అది ఒక పేరు కాదు, రెండు మాటలు. అందులో ‘లెట్’ అనేది క్రియ, అద్దెకు ఇవ్వడం అని అర్థం. ఇల్లుగలవాళ్లు లెట్ చేస్తారు, మనం రెంట్‌కు తీసుకుంటాం. అయితే ‘రెంట్’ అనే క్రియ ఇవ్వడానికీ తీసుకోవడానికీ రెండింటికీ పనికొస్తుంది. అక్కడ మాత్రం ఇంగ్లీషే మనకన్నా అస్పష్టం.

గండిపేట గాలి (బుధవారం, ఉదయం 7.10)

నేను జలాశయాల పనుల్లో ఉద్యోగం చేసి వచ్చినవాణ్ని. ‘రైజ్’, ‘రెయిజ్’ల సంగతి నాకు గేట్ల దగ్గర తెలిసింది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట, 1920లో పూర్తయింది. పూర్తి నీటిమట్టం, సముద్రమట్టం నుంచి లెక్కిస్తే, 1790 అడుగులు. వానలకు నీరు ఆ మట్టానికి దగ్గరపడితే గేట్లు ఎత్తి దిగువకు వదులుతారు. రోజువారీ నివేదిక ఇంగ్లీషులో రాయాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను నీరు ‘రెయిజ్’ అయిందని, గేట్లు ‘రైజ్’ చేశామని రాశాను. మా ఇంజినీరు గారు కోప్పడలేదు. ‘నీరు పెరిగిందా, పెంచావా? గేట్లు లేచాయా, లేపావా?’ అని అడిగారు. ఆ తర్వాత ఇక ఎన్నడూ తప్పు రాయలేదు.

పెరగడం, లేవడం ‘రైజ్’. దానంతట అదే. పెంచడం, లేపడం, ఎత్తడం ‘రెయిజ్’. ఎవరో ఒకరు చేయాలి. ఛార్జీలు పెరిగాయి, ఛార్జీలు పెంచారు. వార్తాపత్రికలో ఈ రెండు వాక్యాలకూ ఎంత తేడా ఉందో టికెట్ కొనే ప్రతివాడికీ తెలుసు.

అక్షరాల తోట (బుధవారం, ఉదయం 8.00)

గండిపేట గాలి గారూ, మీ టపా పాఠ్యపుస్తకంలో ఉండాలి. దీనికి నాలుగు మాటలు కలుపుతాను, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం.

తెలుగు నిండా ఇలాంటి జంటలే. ఆగు, ఆపు. తిరుగు, తిప్పు. మారు, మార్చు. విరుగు, విరుచు. ఇంగ్లీషులోనూ ఒకప్పుడు ఇలాంటి జంటలు ఇంకా ఎక్కువ ఉండేవి. చాలావరకు పోయి కొన్ని మిగిలాయి. ‘రైజ్’, ‘రెయిజ్’ ఒక జంట. కూర్చోవడానికి ‘సిట్’, కుదురుగా పెట్టడానికి ‘సెట్’ ఒకటి. పడటానికి ‘ఫాల్’, చెట్టు పడగొట్టడానికి ‘ఫెల్’ ఒకటి. పడుకోవడానికి ‘లై’, పడుకోబెట్టడానికి లేదా పరచడానికి ‘లే’ మరొకటి. మిగతా చోట్ల ఒకే మాట రెండు పనులూ చేస్తుంది. బస్సు ఆగినా ‘స్టాప్’, బస్సును ఆపినా ‘స్టాప్’. మనకు రెండు మాటలున్న చోట వాళ్లకు ఒకటే ఉంది. కాబట్టి తెలుగు పేదదని, అందుకే ఇంగ్లీషు కష్టమని అనుకోకండి. అంట్లు తోముతాం, బట్టలు ఉతుకుతాం, చేతులు కడుగుతాం. ఇంగ్లీషులో మూడూ ‘వాష్’. తాడు తెగుతుంది, కర్ర విరుగుతుంది, అద్దం పగులుతుంది. మూడింటికీ ‘బ్రేక్’ సరిపోతుంది. తెలుగు నేర్చుకునే ఇంగ్లీషువాళ్లు ఎన్నిసార్లు అద్దాన్ని ‘విరిచి’ ఉంటారో!

‘లై’ దగ్గర ఒక గుంట ఉంది, చూసి నడవాలి. పడుకున్నాడు అని గతంలో చెప్పాలంటే ‘లై’ కాస్తా ‘లే’ అవుతుంది. పరిచాడు అంటే ‘లెయిడ్’. అబద్ధమాడాడు అంటే ‘లైడ్’. ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాళ్లూ ఇక్కడ తడబడతారు.

న్యాయం రాతలు (బుధవారం, మధ్యాహ్నం 2.15)

కోర్టు పరిసరాల్లో టైపు చేసి బతికేవాణ్ని. క్రియ మారితే కేసే మారిపోయే సందర్భం చెబుతాను. కిక్కిరిసిన బస్సులో ఫోను పోయిన కుర్రాడు ఫిర్యాదు రాసుకుని నా దగ్గరకు వచ్చాడు. ‘మై ఫోన్ వాజ్ రాబ్డ్’ అని ఉంది. ఎవరైనా కొట్టారా, బెదిరించారా అని అడిగాను. లేదు, దిగాక జేబు తడుముకుంటే ఫోను లేదన్నాడు. అది ‘స్టోలెన్’. తెలుగులో చెప్పమంటే వాడు ‘దొంగిలించారు’ అనే అన్నాడు, ‘దోచుకున్నారు’ అనలేదు.

వాక్యం కట్టడంలోనూ తేడా ఉంది. వస్తువును దొంగిలిస్తారు. మనిషిని, ఇంటిని, బ్యాంకును దోచుకుంటారు. ఇంగ్లీషులో ‘స్టీల్’ తర్వాత వస్తువు, ‘రాబ్’ తర్వాత మనిషో చోటో.

చట్టం కూడా వీటిని వేరుగానే చూస్తుంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్. గొలుసో ఫోనో చటుక్కున లాక్కుపోతే స్నాచింగ్, 304. గాయపరచడం, అడ్డగించడం, అలా చేస్తామని భయపెట్టడం తోడైతే దోపిడీ, 309. మూడు క్రియలు, మూడు సెక్షన్లు, శిక్షల్లోనూ తేడా. అందుకే ఫిర్యాదు తెలుగులోనే రాయమంటాను. రాసేవాడికి నిజంగా ఏం జరిగిందో అందులోనే కచ్చితంగా వస్తుంది.

చిక్కడపల్లి చదువరి (బుధవారం, సాయంత్రం 5.50)

అన్నీ బాగున్నాయి కానీ ‘మేక్’, ‘డు’ల దగ్గర ఈ పద్ధతి పని చేయడం లేదు మేడం. రెండింటికీ ‘చేయు’ తప్ప నాకు ఇంకేదీ తోచడం లేదు. ‘మేక్’ అంటే కొత్తగా తయారుచేయడం, ‘డు’ అంటే పని చేయడం అని రాసుకున్నాను. మరి తప్పు, నిర్ణయం, ప్రయత్నం ఇవన్నీ ‘మేక్’ ఎందుకయ్యాయి? అంట్లు తోమడం ‘డు’ అయితే పక్క సర్దడం ‘మేక్’ ఎలా అయింది?

అక్షరాల తోట (బుధవారం, రాత్రి 7.20)

ఇక్కడ నీ మాటే నిజం. నువ్వు రాసుకున్న సూత్రం సగం దూరమే తీసుకెళుతుంది. టీ, బొమ్మ, కుర్చీ తయారవుతాయి కాబట్టి ‘మేక్’. హోంవర్కు, వ్యాయామం, మేలు పనులు కాబట్టి ‘డు’. ఆ తర్వాత ఏ మాట ఏ క్రియతో కాపురం చేస్తుందో జంటగానే నేర్చుకోవాలి.

మన భాషలో మాత్రం కారణం అడిగి నేర్చుకున్నామా? ముగ్గు వేస్తాం, ఫోటో తీస్తాం, ఫీజు కడతాం, పందెం కాస్తాం, టీ పెడతాం, ఈల వేస్తాం, అబద్ధం ఆడతాం. మా ఇంటి పక్కన ఉత్తరాది నుంచి వచ్చిన ఒక అమ్మాయి ‘ముగ్గు చేశాను’ అంటే మేమందరం ‘వేశాను’ అని దిద్దాం. ఎందుకని అడిగితే జవాబు ఎవరి దగ్గరా లేదు. కాబట్టి నీ నోటుపుస్తకంలో ఒంటరి క్రియలు కొట్టేసి, క్రియ పక్కన దాని జతమాట కూడా రాయి.

తెల్లకాగితం (బుధవారం, రాత్రి 10.05)

రెండు రోజులుగా చదువుతున్నాను. వినబడు, విను విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే తెలుగు దారి తప్పించే చోటు ఒకటి చూపించకుండా ఉండలేను. ఉద్యోగ దరఖాస్తులు చూడటం నా పని. పది ఉత్తరాల్లో కొన్నైనా ‘ఐ ఎక్స్‌పెక్ట్ యువర్ రిప్లై’తో ముగుస్తాయి. రాసినవాళ్ల మనసులో ఉన్నది ‘మీ జవాబు ఆశిస్తున్నాను’ అనే వినయం. చదివేవాళ్లకు మాత్రం ‘జవాబు ఇచ్చి తీరాలి’ అన్నట్టు తగులుతుంది. ‘ఆశించు’ అనే మాటలో ‘హోప్’, ‘ఎక్స్‌పెక్ట్’ రెండూ ఇమిడిపోయాయి. జరగాలని కోరుకుంటే ‘హోప్’. జరుగుతుందని నమ్మకమో, జరగాలన్న హక్కో ఉంటే ‘ఎక్స్‌పెక్ట్’. తీరని కోరిక అయితే ‘విష్’. రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడితే ‘వెయిట్’. ఒక మంచి పిల్లవాడి దరఖాస్తును ఈ ఒక్క వాక్యం చూసి మా పైఅధికారి పక్కన పెట్టబోతే నేను అడ్డుపడ్డాను. అందుకే ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

అక్షరాల తోట (బుధవారం, రాత్రి 10.30)

నూరు పాళ్లూ ఒప్పుకుంటాను. ఆ పిల్లవాడి తరఫున నిలబడినందుకు మీకు నమస్కారం.

సిరిమల్లె (గురువారం, రాత్రి 9.10)

ఈ రోజు సమావేశం అయింది. లైను మళ్లీ తెగినట్టయింది. ఒక్క క్షణం ఆగి, తెలుగులో ‘నా మాట వినబడుతోందా’ అని లోపల అనుకుని, ‘కెన్ యు హియర్ మీ?’ అని అడిగాను. ‘ఇప్పుడు బాగా వినబడుతోంది’ అన్నారు ఆవిడ. చివర్లో, సోమవారం అడిగిన ప్రశ్న లైను గురించేనని, మాట తప్పుగా వాడానని చెప్పాను. తాను వేరేలా అనుకున్నానని, చెప్పినందుకు సంతోషమని అన్నారు. మూడు రోజులుగా ఛాతీ మీద ఉన్న బరువు దిగింది.

చదువరి తమ్ముడిలా నేనూ ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాను. కాకపోతే ఎడమ వైపు తెలుగు క్రియలు రాస్తున్నాను. మొదటి పేజీ ‘గుర్తు’. గుర్తుంది ‘రిమెంబర్’. గుర్తుచేయి ‘రిమైండ్’. మనిషిని గుర్తుపట్టడం ‘రికగ్నైజ్’. తేడా గుర్తించడం ‘నోటీస్’. పద్యం గుర్తుపెట్టుకోవడం ‘మెమరైజ్’. రెండో పేజీ ‘చదువు’. పత్రిక చదవడం ‘రీడ్’, కాలేజీలో చదవడం ‘స్టడీ’. మేడం, తప్పులుంటే దిద్దండి.

అక్షరాల తోట (శుక్రవారం, ఉదయం 6.15)

తప్పులు లేవమ్మా. ‘రిమైండ్’ తర్వాత ఎవరికి గుర్తుచేయాలో ఆ మనిషి వెంటనే రావాలి, అది పక్కన రాసుకోండి. ‘నాకు గుర్తుచేయి’ అనడానికి ‘రిమెంబర్ మీ’ అనకూడదు.

కానీ ‘రిమెంబర్ మీ టు యువర్ మదర్’ అనే మాట ఇంగ్లీషులో ఉంది, కాస్త పాతకాలపు మర్యాద. మీ అమ్మకు నన్ను గుర్తుచేయి అని మాటకు మాట పెట్టి తెలుగు చేస్తే అతకదు. దానికి తెలుగులో చక్కటి మాట మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు మీ అమ్మగారిని అడిగానని చెప్పండి.